దిష్టి తమకు తగలనిమ్మన్న ముంజిర్ కవార్ గారు

రెండువేల ఒకటవ సంవత్సరం సెప్టెంబరు రెండవ తేదీన, జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో అప్పట్లో పదకొండు మందితోనే నడుస్తున్న మన సాఫ్ట్‌వేర్ సంస్థలో పరీక్షకులుగా చేరిన శ్రీ ముంజిర్ కవార్ గారు, కొడుకు పేరు మీద మనందరం పిలుచుకునే అబూ లైస్, అంటే లైస్ తండ్రి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. చేరిన ఎనిమిదేళ్లకే పరీక్షల విభాగాధిపతి అయిన వారు ఆపై మెట్టెక్కకుండా ఆ కుర్చీ నుంచే విరమిస్తున్నారు. ఎందుకన్నది వారు ఇంట్లో చెప్పి ఉండరు. కనుక చెప్పడం నా విధి.

పదో తరగతితో చదువాగిన నన్ను, ఫోన్లెత్తే బల్ల దగ్గర నుంచి తీసుకొచ్చి ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నేర్పింది వారే.

ఏటా జరిగే పనితీరు మదింపులో ప్రతి విభాగమూ ఒకరికి ఆఖరి శ్రేణి ఇచ్చి తీరాలి. వరుసగా రెండుసార్లు అది వచ్చినవారు ఇంటికి వెళ్లవలసిందే. మా అమ్మాయి జూద్ పుట్టి, నేను ప్రసూతి సెలవులో ఉన్న ఏడు అది నా పాలయింది; అప్పటినుంచి అందరికీ నేను ఉమ్ జూద్‌ని, అంటే జూద్ తల్లిని. సంతకం అబూ లైస్ గారిదే; దాన్ని వారు మరవలేదు.

మరుసటి ఏడు, ఆసుపత్రుల ప్రోగ్రాములో ఒకే పేరున్న ఇద్దరు రోగుల మందుల చీటీలు కలిసిపోయే లోపాన్ని పట్టుకున్నాను. కానీ నా మదింపు పత్రంలో "దేవుడి దయ, అందరి సహకారం" అని రాసి, పక్క విభాగం వారి పేర్లన్నీ భక్తిగా చేర్చాను. అబూ లైస్ గారు చదివి కళ్లద్దాలు తీశారు.

"ఏమ్మా ఉమ్ జూద్, ఇది మదింపు పత్రమా, పెళ్లి విందులో ధన్యవాదాలా? కాఫీ కాచినవాడి పేరు కూడా ఉంది. నువ్వేదీ?"

"నేనే చేశానంటే దిష్టి తగులుతుందండీ. చంటిపిల్ల తల్లిని."

"తగిలితే నాకు తగలనీ. 'నేను' అని మొదలుపెట్టు, రాయి."

రాసిచ్చాను. అయినా శ్రేణులు తేల్చే సమావేశంలో, ఆ లోపాన్ని తమవారే పట్టారన్నారు పక్క విభాగాధిపతి. తరువాతి సంభాషణ ఆయనే ఎంతో నొచ్చుకుంటూ నాకు చెప్పారు.

"అబూ లైస్, ఎలాగూ ఒకరు పోవాలి. ఆ పిల్లను వదిలెయ్. నీ పదోన్నతికి ముందు చెయ్యెత్తేది నేనే."

"చెయ్యి దించుకో హబీబీ, నొప్పెడుతుంది. పోయినేడు పురిట్లో ఉన్నదానికి ఆఖరి శ్రేణి వేశాను. ఈ ఏడు వెయ్యను."

నేను లోపం నమోదు చేసిన తేదీ ఉన్న కాగితాన్ని బల్లమీద పెట్టి, ఆఖరి శ్రేణి గడిని ఖాళీగా వదిలి సంతకం చేశారు. ఆ పదోన్నతి ఆ ఏడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఆ మాట ఒక్కనాడూ నా ఎదుట ఎత్తలేదు. ప్రతి ఉదయం అడిగింది ఒక్కటే: "జూద్‌కి పళ్లొచ్చాయా?"

పళ్లొచ్చాయి, అబూ లైస్ గారూ; బడికి కూడా వెళుతోంది. తమరు నేర్పినట్టే మొదలుపెడుతున్నాను: నేను కోరుకుంటున్నాను, నాకు తగలవలసిన దిష్టిని తమమీదికి తీసుకున్న తమ దరికి ఇకపై ఏ దిష్టీ చేరకూడదని, తమరు సంపూర్ణ ఆరోగ్యంతో, మనవల నడుమ నిండు నూరేళ్లు వర్ధిల్లాలని.

అబీర్ (ఉమ్ జూద్)
పరీక్షల విభాగం