పెంచల్‌ని మోసిన రాజహంసలు

పులికాట్ సరస్సు కట్ట మీద మాలకొండమ్మ టీ అంగడి. బల్ల మీద బాసింపట్టు వేసుకుని, పాదాలు కనబడకుండా లుంగీ కప్పుకుని కూర్చున్నాడు పెంచల్. ఎదురుగా విజయకుమారి. కావలి కాలేజీలో పాఠాలు చెప్పే ఆవిడ, ఆదివారం తన విద్యార్థుల్ని సరస్సు వెంట నడిపించి పక్షుల్ని చూపించే మనిషి కోసం వచ్చింది. ఆవిడ సరేనంటే ఇకమీదట వారం వారం ఇదే పని. కాదంటే మళ్ళీ చెన్నై వెళ్ళి కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా నిలబడాలి. ఆ గేటు తలుచుకుంటేనే పెంచల్‌కి భయం. భయం వేసినప్పుడల్లా అతని నోటికి పట్టపగ్గాలుండవు.

"మొన్న ఆదివారం నెల్లూరోళ్ళు నలుగుర్ని నేనే తీసకపోయినా మేడమ్. కట్ట దిగినామో లేదో, నీటికుక్కలు! నన్ను జూసి వెనకకాళ్ళ మీద లేచి దండం పెట్టినాయి."

"నీకా?" అంది మాలకొండమ్మ టీ వడబోస్తూ.

"నాకు గాక నీకా అక్కా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకాయన కళ్ళజోడు నీళ్ళలో పడింది. గూడబాతు వచ్చి, ముక్కు కింద సంచి ఉంటది చూడండి, దాంట్లో పట్టి, కడిగి మరీ ఇచ్చింది!"

విజయకుమారి నవ్వింది. పెంచల్‌కి ఊపొచ్చింది.

"ఇంకొంచెం పోతే బురద. ఎద్దుల్ని బండితో సహా మింగే బురద మేడమ్! ఒకాయన దిగబడిపోయినాడు. ఒంటిచేత్తో పీకి కట్ట మీదకి ఇసిరినా. ఆ ఊపుకి నేను దిగబడినా, నడుం దాకా. ఇంకొకడైతే ఏడ్సును. నేను ఈల వేసినా. అంతే, ఆకాశమంతా గులాబీ రంగు! యాడ్నించొచ్చినాయో రాజహంసలు, చొక్కా పట్టుకుని లేపినాయి. కట్ట మీద దించొచ్చు గదా? దించలా. శ్రీహరికోట మీదుగా తిప్పినాయి. అప్పుడే రాకెట్టు లేస్తా ఉంది. మమ్మల్ని జూసి పక్కకి తప్పుకుని దారిచ్చింది!"

పక్కన బీడీ కాలుస్తున్న చిన్నపోలయ్యకి పొలమారింది.

"చివరాకరికి ఇదో, ఈ బల్ల మీదే దించినాయి. టీ తాగిపోండన్నా. టైమైంది, మళ్ళీ వస్తామన్నాయి."

"ఏ భాషలోరా?" అన్నాడు చిన్నపోలయ్య.

"అరవంలో మామా. అవి ఆ పక్కనించే గదా వచ్చింది!"

ఆ మాటలు వింటూనే, రొయ్యల బుట్ట చంకన పెట్టుకుని పెంచల్ పెద్దమ్మ పిచ్చమ్మ వచ్చింది. బుట్టలోంచి బురద కారుతున్న కొత్త బూటొకటి తీసి బల్ల మీద పెట్టింది.

"నీ రాజహంసలు దీన్ని మర్చిపోయినాయిరా. పొద్దున వల్లో పడింది."

పెంచల్ లుంగీని ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

సరస్సులో దిగేవాళ్ళెవరూ కాలికి ఏమీ తొడుక్కోరు. చెప్పులు కట్ట మీదే విప్పి, నీళ్ళకి దండం పెట్టి దిగుతారు. పుట్టినప్పటినుంచీ పెంచల్ చేసిందీ అదే. అయితే వట్టికాళ్ళతో నడిస్తే టౌనువాళ్ళు లెక్కచెయ్యరేమోనని మొన్న బూట్లు కొన్నాడు.

"ఆపొద్దు నేను ఆ పక్కనే వలేస్తా ఉన్నా. ఆ నలుగురూ చెప్పులు విప్పి, నేను చెప్పినట్టు కాలెత్తకుండా జరుపుకుంటా నడిచినారమ్మా," అంది పిచ్చమ్మ. "దిగబడింది వీడొక్కడే. అందరం కలిసి పీకినాం. ఒకాయన గులాబీ చొక్కా తొడుక్కున్నాడులే. అదే రాజహంస."

అంగడంతా గొల్లుమంది. పెంచల్ తల వంచుకున్నాడు. చెన్నై గేటు కళ్ళముందు నిలబడింది. ఏడుపు తన్నుకొచ్చింది.

"పక్షులైనా నిజమేనా?" అడిగింది విజయకుమారి.

"అవి నిజమేనమ్మా." పిచ్చమ్మ గొంతు మెత్తబడింది. "రెక్కల చప్పుడు విని ఏ పక్షో చెప్తాడు వీడు. చిన్నప్పట్నించీ వాటెనకే తిరిగినాడు."

విజయకుమారి టీ గ్లాసు కింద పెట్టింది.

"నేను పాఠం చెబితే మా పిల్లలు నిద్రపోతారు. ఇతను చెబితే ఒక్కడూ కన్నార్పడు. ఆదివారం పొద్దున్నే వస్తాం. ముందు మీరు నడవండి పిచ్చమ్మగారూ. వెనక ఇతను మాట్లాడతాడు."

పెంచల్ లుంగీ సర్దుకుని రెండు వట్టికాళ్ళూ నేల మీద పెట్టాడు. మొహం వెలిగిపోయింది.

"రెండో బూటేదిరా?" అంది పిచ్చమ్మ.

"అదా! అది రాజహంసలు..." అని మొదలుపెట్టి, విజయకుమారి వైపు చూసి ఆగాడు.

"ఇంట్లో మంచం కింద ఉండాది పెద్దమ్మా."