కొల్నార క్యాంపులో ఇద్దరు బుద్రిలు

నా పేరు మజ్జి అప్పలనరసింహం. తండ్రి ఆదిశేషు, రాయగడ మునిసిపాలిటీలో నీళ్ల పంపు ఆపరేటరు. వయసు ఇరవై నాలుగు. చదువు పదో తరగతి. మా పెదనాన్న కొడుక్కీ తాతగారి పేరే పెట్టారు కాబట్టి ఇంట్లో నన్ను చిన్న అప్పలనరసింహం అంటారు. ఆ 'చిన్న' కూడా రాయమని కోర్టు గుమస్తాగారిని అడిగాను. అక్కర్లేదన్నారు. అక్కర ఉంది.

2002 నుంచి రాయగడ బయట ఒక ట్రస్టు ఆస్పత్రిలో కంప్యూటర్ ఆపరేటరుగా చేశాను. నాకు కంప్యూటర్ ఎవరూ నేర్పలేదు. సెమిలిగుడలో ఒక టైపింగ్ షాపులో పని చేస్తూ, ఓనరు భోజనానికి వెళ్లినప్పుడల్లా కూర్చుని నేర్చుకున్నాను. ఆస్పత్రి రికార్డుల ప్రోగ్రాం నేనే రాశాను. దానికి వేరే ఏమీ ఇవ్వలేదు. ఈ కేసుకి అది సంబంధం లేదంటే కొట్టెయ్యండి.

ఈ కేసులో ముద్దాయి చిలకమ్మ గారు. ఆ ఆస్పత్రిలోనే నర్సు. నేను పిన్ని అంటాను, చుట్టరికం లేదు. కొల్నారలో ఆస్పత్రి పెట్టే క్యాంపుకి వెళ్లి, ఫిట్స్ వచ్చేవాళ్లకి నెలకి సరిపడా మాత్రలు పంచేది. అవి మత్తు మాత్రలు. బయట దొంగచాటుగా కొనేవాళ్లున్నారు. అందుకే లెక్క తేడా వచ్చేసరికి పోలీసు కేసయింది. ఆవిడ అమ్ముకుందని ఫిర్యాదు. ఆవిడ ఒక్క మాత్ర కూడా అమ్ముకోలేదు. ఎలా చెప్పగలనో కింద చెబుతున్నాను.

2004 జనవరిలో ట్రస్టు పెద్దలు వస్తున్నారని మేనేజరు మన్మథరావు గారు రిపోర్టు అడిగారు. ఏ ఊళ్లో ఎవరు, ఎవరికి ఎన్ని మాత్రలు అని. మెషీను పాతది. రిపోర్టు మొదలుపెట్టి, బయటికి వెళ్లి టీ తాగి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉండేది. ఆయన నా కుర్చీ వెనక నిలబడ్డారు.

"ఏటిరా, నీ కంప్యూటర్ కన్నా మా కొట్లో గుమస్తా నయం. ఆడు సిట్టా ఇప్పకండానే సెప్పేస్తాడు" అన్నారు. కాగితం వచ్చాక చూసి, "ఇదేటి, బుద్రి, తండ్రి సుక్రా, రెండుసార్లున్నాది? డబుల్ ఎంట్రీలన్నీ తీసెయ్. పెద్దోలు సూస్తే నవ్విపోతారు" అన్నారు.

నాకు రోషం వచ్చింది. ఆ రోజే కొత్త ఇండెక్స్ కట్టాను.

ఇండెక్స్ అంటే లావు పుస్తకం చివర ఉండే విషయసూచిక లాంటిది. అది ఉంటే మెషీను రికార్డులన్నీ మొదటి నుంచి తిరగెయ్యక్కర్లేదు, సూచిక చూసి తిన్నగా కావలసిన చోటికి పోతుంది. దేని మీద కట్టాలో మనమే చెప్పాలి. నేను ఊరు, తండ్రి పేరు, రోగి పేరు కలిపి కట్టాను. దానికి యూనిక్ అనే మాట తగిలించాను. అప్పుడు ఆ మూడూ ఒకటే అయినవాళ్లు ఇద్దరుంటే సూచికలోకి మొదటి మనిషే ఎక్కుతుంది. రెండో మనిషి రికార్డు చెరిగిపోదు. లోపలే ఉంటుంది. రిపోర్టులోకి రాదు. రాలేదని మెషీను చెప్పదు కూడా.

రిపోర్టు చిటికెలో వచ్చింది. బుద్రి ఒక్కసారే ఉంది. మన్మథరావు గారు నా భుజం తట్టారు. ఆ తట్టడం నాకు బాగా నచ్చింది. అది కూడా రాసుకోండి.

మా ఇంట్లో ఇద్దరు అప్పలనరసింహాలున్నా, తండ్రి పేరు చెబితే బళ్లో అయినా రేషను షాపులో అయినా ఎవరు ఎవరో తెలిసిపోయేది. అందరికీ అలాగే సరిపోతుందనుకున్నాను. కొల్నార వైపు కొండ ఊళ్లలో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. ఒకే ఇంట్లో ఇద్దరాడపిల్లలు బుధవారం పుడితే ఇద్దరూ బుద్రిలే. పెద్దది బడ బుద్రి, చిన్నది సాన బుద్రి. పిన్ని కార్డుల మీద బడ, సాన అని రాసే పంపేది. అవి ఇంటి పిలుపులని నేనే టైపు చెయ్యకుండా వదిలేశాను. నన్ను ఇంట్లో అందరూ చిన్న అని పిలుస్తుండగానే వదిలేశాను.

కార్డు మీద నంబరు ఉంది. దాని మీద కట్టి ఉంటే ఏ గొడవా లేదు. కార్డులు పోగొట్టుకుని వస్తారు కదా, నంబరునేం నమ్ముతాం అనుకున్నాను. మనుషుల్ని నమ్మలేదని దాని అర్థం.

ఫిబ్రవరిలో పిన్ని, ఆ ఇండెక్స్‌తో తీసి క్యాంపుకిచ్చిన కొత్త లిస్టు పట్టుకుని నా గదిలోకి వచ్చింది.

"బాబూ, సాన బుద్రి లేదేటి ఇందులో?"

"డబుల్ ఎంట్రీ పిన్నీ. తీసేశాను."

"డబులేటి నీ బొంద. ఆలిద్దరూ అప్పసెల్లెల్లు. పెద్దదాని మెడలో పూసలు ఎర్రవి, సిన్నదానివి పచ్చవి."

"పూసలు కంప్యూటర్లో ఎక్కవు. రోగుల సంగతి నువ్వు చూసుకో, ఇది నాకొదిలెయ్" అన్నాను. కుర్చీలోంచి లేవలేదు. తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"సర్లే, సదువుకున్నోడివి. నీ లిస్టు నీకాడే ఎట్టుకో" అని వెళ్లిపోయింది. క్యాంపులో ఇద్దరికీ మాత్రలు ఇస్తూనే ఉంది.

మార్చి ఆఖర్న స్టాకు లెక్క చూశారు. లిస్టులో ఉన్నవాళ్ల కన్నా మాత్రలు ఎక్కువ ఖర్చయ్యాయి. ఒకే పేరువాళ్లు ఊరూరా ఉన్నారని పిన్ని మొత్తుకుంది. పోలీసు స్టేషను దారోగాగారు నన్ను పిలిచి, మెషీను తప్పు చెబుతుందా అని అడిగారు. చెప్పదన్నాను. ఆవిడ అక్కడే బల్ల పక్కన నిలబడి ఉంది. ఒక్క బుద్రితో అంత తేడా రాదులే అనుకున్నాను. అలాంటి బుద్రిలు ఇంకెందరో అని లోపలికి చూడలేదు. చూడ్డానికి ఒక్క కమాండు చాలు.

ఆవిడని అరెస్టు చేశారు. తర్వాత బెయిలు వచ్చింది. క్యాంపుకి లిప్సా అనే కొత్త నర్సుని పంపారు. లిస్టు ప్రకారం ఇవ్వమన్నారు, ఇచ్చింది. ఆ అమ్మాయి తప్పు లేదు.

జులైలో ఒక పొద్దున్న నేను రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరుండగా ఇద్దరాడపిల్లలు వచ్చారు. ఒకదాని కుడి చెయ్యి తడిగుడ్డలో చుట్టి ఉంది. పేరడిగాను. బుద్రి. తండ్రి సుక్రా. టైపు చేస్తే పాత రికార్డు వచ్చింది.

"బుద్రి ఎవరు మీలో?" అన్నాను.

"ముయ్" అన్నారు ఇద్దరూ. వాళ్ల మాటలో నేను అని.

పెద్దది సంతలో నేర్చుకున్న తెలుగులో చెప్పింది. "లిస్టుల ఒక్క బుద్రి బాబు. గోలీ సగం నాకు, సగం దీనికి."

లిస్టులో లేనిదానికి పెద్దది తన మాత్రలు విరిచి పెట్టింది. సగం మాత్రకి ఫిట్స్ ఆగవు. చోడి జావ కాస్తుండగా చిన్నదానికి వచ్చి పొయ్యిలో పడింది. మెడలో పూసలు పచ్చవి. నేను ముందు వాటినే చూశాను.

ఆ రోజే యూనిక్ తీసేసి రిపోర్టు మళ్లీ వేశాను. దాగినవాళ్లందరూ బయటికి వచ్చారు. వాళ్లని కలిపితే మాత్రల లెక్క సరిపోయింది. ఆ కాగితాలు, ఫ్లాపీ కోర్టుకి ఇచ్చాను.

ముందు మన్మథరావు గారికే చూపించాను. "ఇప్పుడా సెప్తావు? పంపిన రిపోర్టులన్నీ తప్పని నా నోటితో సెప్పమంటావేటి? ఎలాగూ బెయిలు మీదున్నాది కదా. నీ పని నువ్వు సూసుకో" అన్నారు.

"నా పనే చూసుకుంటున్నానండి" అన్నాను. మర్నాడు నన్ను గేటు దగ్గరే ఆపేశారు.

ఆయన డబుల్ తీసెయ్యమన్నారు, నిజమే. తీసిన చెయ్యి నాది. సాన బుద్రి వేళ్లు రెండు అతుక్కుపోయాయి. ఇవాళ సాక్ష్యానికి వస్తే కుడి బొటనవేలు ముద్ర పడలేదు, ఎడమది వేయించారు.

కోర్టు వరండాలో పిన్ని కనపడింది. "తిన్నావేటి బాబూ?" అని అడిగింది. నేను బల్ల మీంచి లేచి నిలబడ్డాను.

ఇది నా అంతట నేను వచ్చి చెప్పింది. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఆశ పెట్టలేదు. చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది, ఇందులో ఉన్నదంతా నిజం. నాకు సంతకం వచ్చు. అయినా వేలిముద్ర కూడా తీసుకోమని అడిగాను. ఈ పేరుతో మా ఇంట్లో ఇంకొకడున్నాడు.

మజ్జి చిన్న అప్పలనరసింహం
ఎడమచేతి బొటనవేలి ముద్ర
రాయగడ, 2004 ఆగస్టు 19