అన్నిటికీ సరే

ఆఫీసు భోజనాల గదిలో ఇద్దరే మిగిలారు. కుర్ర ఉద్యోగి లాప్‌టాప్ తెర మీద ఎనిమిది కిటికీలు. ఒక్కో కిటికీలో ఒక్కో ఏఐ ఏజెంటు ప్రోగ్రాం రాసిపెడుతోంది. ఎదురుగా సీనియరు ముద్ద దిగక డబ్బా మూసేసింది.

“ఎనిమిదిమంది కోడళ్ళ మీద పెత్తనం చేసే అత్తగారివి, నీకేం లోటురా? మొహం అలా వాడిపోయిందేం?”

“అక్కా, రోగులకి ముందురోజు కబురు పంపే ప్రోగ్రాం ఎందుకు ఆగిపోయిందో తెలిసిందా?”

“పొద్దుట్నుంచీ వెతుకుతున్నా. రాసింది నేనేగా, పొరపాటూ నాదే అయ్యుంటుంది. పాపం, కబురందక ఇవాళ పన్నెండుమంది డాక్టరు దగ్గరికి రానేలేదట.”

“నీది కాదక్కా. నా మూడో కిటికీలో ఏజెంటు, అది పాతదనుకుని చెరిపేసింది.”

“నిన్నడక్కుండానే?”

“రెండుసార్లు అడిగింది. ఎనిమిదీ ఒక్కసారే ‘చెయ్యమంటారా, చెయ్యమంటారా’ అని ప్రాణం తీస్తుంటే, చదవకుండా ‘అన్నిటికీ సరే’ నొక్కేశాను.”

“గంగిరెద్దయినా నీకంటే ఆలోచించి తలూపుతుంది కదరా!”

“తిట్టక్కా, ఇంకా తిట్టు.”

“తిట్టి ఏం లాభం? తప్పు నాదేనని మేనేజరుగారికి గంట కిందటే రాసి పంపేశా.”

అతను తలెత్తలేకపోయాడు. ఒక్కొక్కటిగా కిటికీలన్నీ మూయసాగాడు.

“అన్నీ మూసేస్తున్నావేంట్రా?”

“ఆయన నీ ఉత్తరం చదివేలోగా నాదీ చేరాలక్కా.”

“అదేదో ఒక కోడలికి చెబితే చక్కగా రాసిపెడుతుందిగా?”

“వద్దక్కా. ఇది అత్తగారే రాసుకోవాలి.”