ఒక్క గీత

పశువైద్యశాలలో పరీక్ష బల్ల. ఇటు బుట్టలో పిల్లికూనతో ఇల్లాలు, అటు డాక్టరమ్మ.

“మా ఆయన్ని ఏ బుట్టలో పెట్టి తీసుకురమ్మంటారు డాక్టరమ్మా? ఆయనకీ ఏదో సోకింది.”

“ముందు దీని కాళ్లు పట్టుకోండి ఆంటీ. ఏమైంది అంకుల్‌కి?”

“నెల్లాళ్లుగా సామాన్ల గదిలో కాపురం. దీంతో. చాప, దిండు, రేడియో, అన్నీ అక్కడికే మోసుకుపోయారు.”

“నేను దీన్ని ఒక్కదాన్నే కదా విడిగా ఉంచమన్నాను?”

“ఆ ముక్క ఆయనకి చెప్పండి. ఒక్కతే ఏడుస్తోందిట! అయిందా, రక్తం తియ్యడం?”

“అయింది. పది నిమిషాలు ఆగాలి. ఒక గీత వస్తే, పిల్లులకి అంటుకునే ల్యుకేమియా వైరస్ లేనట్టు. పక్కన రెండోది వస్తే...”

“తెలుసు. పోయినసారి రెండూ చూశాంగా.”

“పసికూనలకి మొదటిసారి వచ్చిందే ఖాయం కాదని అప్పుడే చెప్పాను.”

“చెప్పారు. ఆయన విన్నారు.”

“మీరు?”

“ఇంట్లో ఉన్న మిగతా రెండు కూనలూ ఎంత అల్లరనుకున్నారు! కర్టెన్లు...”

“ఆంటీ.”

“...‘ఇది ఎలాగూ పోయేదే, ఎక్కడ దొరికిందో ఆ కాలవ దగ్గరే వదిలేసి రండి’ అన్నాను. ఆ రెండిటికీ అంటుతుందని భయం వేసిందమ్మా.”

“అంకుల్ ఏమన్నారు?”

“దిండు తీసుకున్నారు.”

“అప్పట్నుంచీ మాటల్లేవా?”

“కంచం గుమ్మంలో పెడితే ‘ఊఁ’ అంటారు. దీంతో మాత్రం లోకాభిరామాయణం! తన చిన్నప్పటి సైకిలు కథ కూడా చెప్పారు. ముప్ఫయ్యేళ్ల కాపురంలో నాకే తెలీదు.”

“మరి ఇప్పుడెలా తెలిసింది?”

“ఇల్లు చిన్నది.”

“మిగతా కూనలు మీకు తోడున్నాయిగా?”

“ఎక్కడ! ఆ గది తలుపు దగ్గరే పడుంటాయి. నా మొహం చూడవు.”

“అంకుల్ రాలేదేం?”

“రెండో గీత చూళ్లేరట. ‘నువ్వు గట్టిదానివి, నువ్వెళ్లు’ అన్నారు. నెల మొత్తానికీ అదే పెద్ద మాట. టైమయిందా? మీరే చూడండి, నా కళ్లద్దాలు ఎక్కడో...”

“మీ ముక్కు మీదే ఉన్నాయి ఆంటీ.”

“మీరే చూడండి.”

“ఒక్కటే.”

“సరిగ్గా చూడమ్మా.”

“ఒక్కటే గీత. పోయిన వారం మావాడు మీ ఇంటికొచ్చి తీసుకెళ్లి, ల్యాబుకి పంపిన రక్తంలోనూ వైరస్ లేదని పొద్దున్నే వచ్చింది. ఇదీ చూసి చెబుదామని ఆగాను. ఇక మూడింటినీ కలిపెయ్యొచ్చు. అంకుల్‌కి ఫోన్ చెయ్యనా?”

“వద్దు, నేనే చేస్తాను... ఏమండీ, నేను. ఒక్కటే గీత. ఉన్నారా?... ఏడవకండి. వస్తున్నాం, నేనూ బుజ్జులూ... దీని పేరు బుజ్జులని నాకెలా తెలుసా? నెల్లాళ్లూ ఆ రెండు కూనల పక్కనే తలుపు ఇవతల కూర్చుని వింటున్నానండీ. తప్పు నాదేనని తలుపు కొట్టి చెప్పడానికే చెయ్యి రాలేదు.”