క్లెమ్ దాటిన వాగు

పెర్త్‌కి చాలా ఉత్తరాన ఉన్న కింబర్లీలో వానలు తగ్గుముఖం పట్టిన ఏప్రిల్ నెలలో, ఎండ కాస్త దిగగానే క్లెమ్ వరండాలోకి వచ్చి కూర్చుంటాడు. కూర్చుంటే నోరు తెరుస్తాడు. తెరిచాక ఆ నోరు మూయించడం ఆయన భార్య నోరీన్ వల్ల కూడా కాదు. నిజం చెప్పాలంటే ఆవిడ ఎప్పుడూ ప్రయత్నించలేదు. జీవితమంతా పశువుల లారీ తోలిన మనిషి, చూపు మందగించి లైసెన్సు పోయాక ఆయనకి మిగిలినవి ఆ కుర్చీ, ఆ కోతలే. పోనీలే పాపం, కోసుకోనీ అనుకునేది.

ఆ సాయంత్రం మాత్రం ఆవిడకి కాలూ చెయ్యీ ఆడటం లేదు. ఈస్టర్ సెలవులకని పెర్త్ నుంచి కూతురు లియాన్, అల్లుడు క్రెయిగ్ పిల్లలిద్దర్నీ తీసుకుని దిగారు. పొద్దున్నే గుడారం సర్దుకుని మెరియట్ జలపాతాలకి ప్రయాణం. దారిలో వాగుంది. వంతెన లేదు, బండి నీళ్లలో దింపి దాటాల్సిందే. మొసళ్లుంటాయి కాబట్టి దిగి లోతు చూసుకునే వీలూ లేదు. వాగింకా తగ్గలేదయ్యా అని నోరీన్ మధ్యాహ్నం నుంచీ చెబుతూనే ఉంది. అల్లుడు వినయంగా తలూపి, నీళ్లలో ఇంజను ఆగకుండా కొత్త బండికి గాలిగొట్టం బిగించుకున్నాడు.

"మేం వెళ్లినప్పుడు ఏముంది అబ్బాయ్, డొక్కు ల్యాండ్ రోవరు," అని ఎత్తుకున్నాడు క్లెమ్. "ఒక తలుపు తాడుతో కట్టి ఉండేది. పక్కన మీ అత్తయ్య, వెనక నాలుగేళ్ల లియాన్. వాగు దగ్గరికి పోతే నీళ్లు మోకాలెత్తు, ఓస్ ఇంతేనా అని దింపాను, దింపితే ఇరుసు మునిగింది, ఇంకాస్త పోనిస్తే నీళ్లు బానెట్ మీదికొచ్చాయి, ఇంకొకడైతే అక్కడే కేకలు పెట్టేవాడు, నేను ముందే ఇంజను మీదికి నీళ్లు చిమ్మకుండా రేడియేటర్‌కి కాన్వాసు గుడ్డ కట్టి, ఫ్యాను బెల్టు ఊడదీసి పెట్టుకున్నాను కాబట్టి ఒకే గేరులో, తొణక్కుండా బెణక్కుండా..."

"బెల్టు తీశావా? పోయినసారి బెల్టే తెగిందన్నావు?" అన్నాడు పక్కింటి వాల్. ఊరికి టపా తెచ్చేది అతనే. ఈ కథ అతను విన్నన్నిసార్లు ఇంకెవరూ విని ఉండరు.

"తెగితే తీశాను. మధ్యలో నీ గోలేంటి, బీరు తాగు."

క్రెయిగ్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "బానెట్ మునిగినా ఇంజను ఆగలేదా మామయ్యా?"

"ఆగుతుందా! తోలేది ఎవరనుకున్నావ్?"

వరండా చివర పొయ్యి మీద సాసేజీలు తిప్పుతున్న నోరీన్ చెయ్యి ఆగింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" క్లెమ్ గొంతు పెంచాడు. "బండి తేలింది! తేలితే ఏం చేస్తాం, పెనం తీసి తెడ్డేశాను. సగం దూరం పోయామో లేదో బస్సంత మొసలి వచ్చి వెనక టైరు పట్టింది. తుపాకీ చూస్తే ఇంట్లో ఉండిపోయింది. బండిలో ఏముంది? మీ అత్తయ్య నిప్పుల్లో కాల్చిన డాంపర్ రొట్టె ఉంది. విసిరాను. లటుక్కున కరిచింది. కరిచింది కరిచినట్టే ఉండిపోయింది, పళ్లు అతుక్కుపోయాయి పాపం!"

వాల్ కుర్చీలో విరగబడి నవ్వాడు.

"అమ్మ డాంపర్ అంటున్నావు కాబట్టి నమ్ముతాను నాన్నా," అంది లియాన్.

"నవ్వవే, నవ్వు. ఆ రొట్టె తినే ఇంత పెరిగావు," అంది నోరీన్.

"మూతి బిగుసుకున్న మొసలికి తాడేసి కళ్లెం కట్టి, చల్ అన్నాను. బండిని అవతలి గట్టు మీద పెట్టి మరీ వెళ్లింది. ఇక జలపాతమంటే... ఎంతెత్తనుకున్నావు? పైనుంచి పొద్దున బయల్దేరిన నీళ్లు కిందికి చేరేసరికి భోజనాల వేళ! నీళ్లతో పాటు చేపలు పడేవి. ఆ ఎండలో అంత దూరం పడీ పడీ దారిలోనే వేగిపోయి వచ్చేవి. కంచం పట్టుకుని నిలబడితే చాలు. ఉన్నన్నాళ్లూ పొయ్యి వెలిగిస్తే ఒట్టు."

"ఉప్పో?" అన్నాడు వాల్.

"ఉప్పు మాత్రం మేమే వేసుకున్నాం. అబద్ధం ఎందుకు చెప్పాలి?"

ఈసారి నోరీన్‌కి కూడా నవ్వొచ్చింది. ఏళ్లు గడిచినా ఆ ఉప్పు దగ్గర ఆవిడకి నవ్వొస్తుంది, ఏం చేస్తుంది మరి.

"చేపల సంగతేమో గానీ, జలపాతం కింద నిలబడ్డం నాకు బాగా గుర్తు," అంది లియాన్. "నెత్తి మీద చల్లగా నీళ్లు. నాన్న పైనుంచి అరుస్తున్నాడు. నా చిన్నప్పటి సంగతుల్లో అదే మొదటిది."

క్రెయిగ్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుని అడిగాడు. "మొసలీ చేపలూ సరే మామయ్యా. బానెట్ దాకా నీళ్లొచ్చాయన్నారు చూడండి, అప్పుడు ఏ గేరు వేశారు? మొదటిదా, రెండోదా?"

నోరీన్ పొయ్యి దగ్గర్నుంచి ఇటు తిరిగింది. ఇన్నేళ్లూ ఆ మాటలకి నష్టమేముందిలే అనుకుంది, వినేవాళ్లంతా వాల్ లాంటి వాళ్లే కదా, వాగు సంగతి పుట్టినప్పట్నుంచీ తెలిసినవాళ్లు. ఆ రొట్టె కరిచిన మొసలిని ఎవరు నమ్ముతారు? కానీ ఆ మొసలి పక్కన నిలబెడితే బానెట్ దాకా వచ్చిన నీళ్లు నిజంలా కనిపిస్తాయి. పెద్ద అబద్ధాన్ని నవ్వుతూ అవతల పారేసి, చిన్నదాన్ని జేబులో వేసుకున్నాడు అల్లుడు. రేపు పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని దాన్ని బయటికి తీస్తాడు.

క్లెమ్ తానే నిజం చెబుతాడేమోనని ఆయన మొహంలోకి చూసింది. నలుగురిలో భర్త పరువు తీయడం ఆవిడకి చచ్చేంత కష్టంగా ఉంది. క్లెమ్ గ్లాసులోకి చూసుకుంటున్నాడు.

"రెండోది," అన్నాడు, కాస్త మెల్లగా.

"ఇంకో వారం ఆగండి క్రెయిగ్," అంది నోరీన్.

"ఏం పర్లేదత్తయ్యా. ఆ డొక్కు బండిలోనే మామయ్య దాటారు. మాది కొత్తది కదా."

ఆవిడ పట్టకారు పక్కన పెట్టింది.

"ఆయన దాటలేదు."

పెరట్లో పిల్లలు పైపు పట్టుకుని ఒకళ్ల మీద ఒకళ్లు నీళ్లు చల్లుకుంటున్న కేకలొక్కటే వినిపిస్తున్నాయి.

"ముందు చక్రాలు దింపాడు, అంతే. వెనక భాగం ప్రవాహంలోకి జరిగింది. లియాన్ వెనక సీట్లో పాట పాడుకుంటోంది. ఈయన బండిని ఎలా వెనక్కి లాగాడో దేవుడికి తెలియాలి. గట్టెక్కాక స్టీరింగు వదలలేకపోయాడు, వేళ్లు నేనే విడదీశాను. అవతలి గట్టు మేం చూడనే లేదు క్రెయిగ్. మెరియట్ జలపాతం ఎలా ఉంటుందో ఇప్పటికీ నాకు తెలీదు."

క్రెయిగ్ మామగారి వైపు తిరిగాడు. "నిజమేనా?"

క్లెమ్ నోరు తెరిచాడు. ఇంకో మొసలి వస్తుందేమోనని వాల్ ఎదురు చూశాడు. క్లెమ్ మాత్రం పెరట్లో గెంతుతున్న పిల్లల వైపు చూశాడు.

"దిగకు అబ్బాయ్," అన్నాడు. "బానెట్ దాకా ఎక్కడిది, నీళ్లు చక్రం సగానికి కూడా లేవు. దానికే బండి నా మాట వినలేదు."

క్రెయిగ్ మొహం ఎర్రబడింది. మామగారి మీద కోపమో, తన మీద సిగ్గో ఆ క్షణాన అడిగితే అతనే చెప్పలేడు. చివరికి, "సరే. నీళ్లు తగ్గేదాకా ఇక్కడే ఉంటాం. తగ్గకపోతే వచ్చే ఏడు చూద్దాం," అన్నాడు.

నోరీన్ పట్టకారు మళ్లీ చేతిలోకి తీసుకుంది గానీ సాసేజీలు అప్పటికే మాడిపోయాయి.

"ఆగమ్మా," అంది లియాన్. ఆమెకి ఇంకో లెక్క తెగలేదు. "అవతలికి వెళ్లకపోతే మరి నా జలపాతం? నేను తడిశాను. నాకు తెలుసు, తడిశాను."

"తడిశావు. జలపాతం కావాలని ఒకటే ఏడుపు నువ్వు. అక్కడ వాగొడ్డున ఓ బండరాయి ఉంది. మీ నాన్న బకెట్టు పట్టుకుని దాని మీదికెక్కి, నిన్ను కింద నిలబెట్టి, పైనుంచి పోశాడు. నువ్వు ఇంకా అన్నావు. మళ్లీ దిగి, నింపుకుని, ఎక్కి, పోశాడు. ఇంకా అన్నావు."

"వాగులో నీళ్లా?"

"ఆ ఎర్రటి బురదా? కాదు. తాగడానికి తెచ్చుకున్న మంచినీళ్లు. డ్రమ్ము ఖాళీ అయ్యేదాకా పోశాడు."

లియాన్ తండ్రి వైపు చూడబోయి, చూడలేక తల్లినే అడిగింది. "మరి మీరేం తాగారు?"

"నీకూ నాకూ ఓ సీసా దాచిపెట్టాడు. ఆ ఎండలో ఇంటికొచ్చి పడేదాకా ఈయన గొంతులో చుక్క దిగలేదు."

క్లెమ్ కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు.

"నాకసలు దాహమే వెయ్యలేదులే," అన్నాడు.

ఆ మాటకి వాల్ కూడా అడ్డు తగల్లేదు.