కోట పోయాక

డయాలసిస్ గదిలో నర్సు ఇద్దరికీ సూదులు పెట్టి వెళ్లిపోయింది. రిటైరైన టీచరమ్మ పక్క మంచం వైపు తిరిగింది. తానిచ్చిన చారిత్రక నవల మూడో భాగాన్ని ఆ మంచం మీది లారీ డ్రైవర్ తెరవనే లేదు.

"మూడో భాగం మొదలుపెట్టలేదా తమ్ముడూ?"

"లేదక్కా. రాణి కోట నిలబెట్టుకుందో లేదో మీరే చెప్పెయ్యండి. వచ్చే వారం నుంచి నేనిక్కడికి రాను. విసుగెత్తిపోయింది."

"ఇంట్లో చెప్పావా?"

"లేదు. మీకే మొదట."

ఆమె అతని పక్కనున్న పుస్తకం వైపు చూసింది.

"కోట పోయింది. రాణి మిగిలినవాళ్లను వెంటబెట్టుకుని అడవి దాటింది."

"పోనీలెండి, బతికింది."

"నాకూ ఓపిక లేదయ్యా. కానీ ఈ రచయితను చదివినవాళ్లు నువ్వు తప్ప నాకెవరూ దొరకలేదు. నువ్వూ రాకపోతే ఆ రాణి గురించి ఎవరితో మాట్లాడను?"

అతను సూది లేని చేత్తో పుస్తకం అందుకున్నాడు.

"ఆయన ఇంకేమేం రాశారక్కా?"