గుడ్డ కప్పిన గూడు

"నమ్మితే నమ్మండి, లేకుంటే టీ తాగి పోండి" అని ఈరప్ప మొదలుపెట్టాడంటే ఇక గంటకు తక్కువ ఆగడని డోన్ స్టేషన్ బయట ఖాసీం సాబు టీ అంగట్లో అందరికీ తెలుసు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఎండాకాలం అది. మిట్టమధ్యాహ్నం. గుంతకల్లు బండి గంట ఆలస్యమని చెప్పారు. బండి వస్తే తప్ప మూటలు మోసే ఈరప్పకు పని లేదు, జట్కా తోలే అయ్యన్నకూ లేదు. అంగడి ముందు బోదగడ్డి పందిరి కింద బెంచీ మీద ఈరప్ప కూర్చుని ఉన్నాడు. ఒళ్లో గుడ్డ కప్పిన గూడు.

మూటలు మోయడం ఈరప్పకు కడుపు కోసం. మిగిలిన ప్రాణమంతా కౌజుపిట్టల మీదే. పెంపుడు కౌజును గూట్లో పెట్టి గుట్టకు మోసుకుపోతే అది కూస్తుంది, దాని కూతకు అడవి కౌజులు రోషం పట్టలేక పొదల్లోంచి బయటికొస్తాయి. ఈరప్ప వాటిని పట్టేవాడు కాదు, వండుకునేవాడూ కాదు. బండ మీద బోర్లా పడుకుని వినేవాడు. అట్లా వినడానికి అతనికి ఇరవై ఏళ్లు తోడు వచ్చినవాడు ఏసన్న. రైలు పట్టాల మీద కూలి చేసే మనిషి, ఏసన్నకు మించిన కౌజుగాడు ఆ చుట్టుపక్కల లేడు. పోయిన ఏడు జ్వరంతో పోతూ పోతూ ఏసన్న తన పిట్టను గూడుతో సహా ఈరప్ప చేతిలో పెట్టాడు. వారానికొకసారి గుట్ట చూడకపోతే అది బతకదు, నువ్వైతేనే తీసుకుపోతావు అన్నాడు.

ఆ గూట్లో ఇప్పుడు పిట్ట లేదు. నెలయింది పోయి. డోన్‌లో ఆ సంగతి ఈరప్పకు ఒక్కడికే తెలుసు.

ఏసన్న గూడు తలుపు తీసి నడుచుకుంటూ పోతే ఆ పిట్ట కుక్కపిల్ల మాదిరి వెనకాలే వచ్చేది, చర్చి నుంచి ఇంటిదాకా. కౌజులు పెంచేవాళ్లలో అంతకు మించిన పేరు లేదు. దానికొక కట్టుబాటు కూడా ఉంది. నడిచేవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే పిట్టను నమ్మనట్టు. గుత్తి నుంచి వచ్చిన ఇద్దరు కౌజుగాళ్ల ముందర, నల్లగుట్ట మీద, "నా ఎనకా వస్తాది చూడండి" అని ఈరప్ప తలుపు తీశాడు. యాభై అడుగులు తిరిగి చూడకుండా దర్జాగా నడిచాడు. తిరిగి చూసేసరికి బండ ఉంది, తలుపు తెరిచిన గూడు ఉంది, పిట్ట లేదు. మూడు రోజులు గుట్టంతా వెతికాడు. నాలుగో రోజు నుంచి ఖాళీ గూటికి గుడ్డ కప్పుకుని తిరగడం మొదలుపెట్టాడు. ఎవరైనా అడిగితే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని గొంతులోనే కూసేవాడు. ఆ విద్య మాత్రం అతనికి నిజంగానే వచ్చు. అనుమానం రాకుండా పొద్దునే చిప్పలో పిడికెడు కొర్రలు కూడా పోసి తెచ్చేవాడు.

ఇవాళ అంగట్లోకి వరమ్మ వచ్చింది. ఏసన్న పెండ్లాం. రెండు కోసుల దూరంలోని పల్లె నుంచి నడిచి వచ్చింది. చేతిలోని మూతబుట్ట బెంచీ పక్కన పెట్టి, మూత మీద చెయ్యి వేసి కింద కూర్చుంది.

"ఏడాదయింది ఈరప్పా. రేపు ఆయప్ప పేరున ప్రార్థన కూటం పెట్టుకున్యాం. పిట్ట సంగతి అడుగుదామని వస్తిని."

ఈరప్ప గూటి మీది గుడ్డను కిందికి లాగి సర్దాడు. నేస్తగాడు చస్తూ ఇచ్చినదాన్ని గొప్పల కోసం పోగొట్టినవాడని నలుగురిలో తేలితే మళ్లీ ఈ బెంచీ మీద ఎట్లా కూర్చుంటాడు?

"దానికేమక్కా, గూట్లో దొరసాని మాదిరి ఉండాది. ఎండలో గుడ్డ తీస్తే దాని కండ్లు పోతాయి. రోంతసేపు తాళు."

బండి వస్తే చాలు, మూటల వంకతో గూడు ఎత్తుకుని లోపలికి పరుగెత్తవచ్చు. అందాకా నోరు ఆడాలి. సిగ్నలు దిక్కు చూశాడు. ఇంకా వాలలేదు.

"నమ్మితే నమ్మండి, లేకుంటే టీ తాగి పోండి. ఆ పొద్దు దీన్ని తీసుకొని నల్లగుట్టకు పోతిని. పెద్ద పనేం కాదప్పా, రెండు అడివి కౌజుల్ని పిలిపిద్దామని. బండమింద పెట్టి గుడ్డ తీస్తిని. ఒక్క కూత కూసె. ఎన్ని వచ్చినాయనుకుంటివి? ఇరవై! మంత్రాలయంలో తీర్థానికి నిలబడినట్ల వరస కట్టి, తోపులాట లేకుండా, పిల్లలున్నవి ముందర, ముసలివి ఎనక."

"పోయిన వారం పన్నెండంటివి గదప్పా" అన్నాడు అయ్యన్న.

"పోయిన వారం నువ్వు జట్కా దిక్కు పోతాంటివి, నిలబడి ఇనింటే మిగతా ఎనిమిదీ చెప్పనా?"

"ఈరప్పా, అది బాగుండాదా?" అంది వరమ్మ మెల్లగా. "కూస్తాందా?"

ఈరప్ప తువ్వాలుతో మూతి తుడుచుకున్నట్టు చేశాడు. కిటీలా, కిటీలా అని గూడు దిక్కు నుంచి కూత లేచింది. ఖాసీం సాబు చెయ్యి టీ గ్లాసు మీదే ఆగిపోయింది. వరమ్మ తల వంచుకుని బుట్టమూత గట్టిగా పట్టుకుంది.

"ఇంటివా అక్కా? ఇంకా ఇను. కౌజులతోనే పోయిందా? కుందేళ్లు వచ్చె. నక్కలు వచ్చె, కుందేళ్ల పక్కనే కూర్చునె, ముట్టుకోలే. ఆ మింద ఏమాయనో తెల్సునా? చిరతపులి వచ్చె. ఇంత పొడుగుండాది. ముందరికాళ్లు మడిచి, తోక చుట్టుకొని, కండ్ల నీళ్లు పెట్టుకునె. నేను తువ్వాలిచ్చి తుడుచుకోమంటిని."

"ఇదే తువ్వాలా?" అన్నాడు అయ్యన్న.

"ఇదే. వాసన చూడు కావాలంటే. ఇంగ కింద పోయే గూడ్సు బండి నిలబడిపాయె. డ్రైవరు దీని కూతను గార్డు ఈల అనుకున్యాడు. ఇది ఒక కూత కూస్తే బండి ఎనక్కి, రెండు కూస్తే ముందుకు. పొద్దు గుంకేదాకా అదే పని."

"అరే, ఆ పొద్దు నా చక్కెర బస్తా రాలేదు!" అన్నాడు ఖాసీం సాబు. "దీని వల్లనేనా?"

అందరూ నవ్వారు. ఈరప్ప ఇంకోసారి తువ్వాలు ఎత్తి ఇంకోసారి కూశాడు. వరమ్మ మాత్రం నవ్వలేదు.

"ఇంగ చాలు గదప్పా. గుడ్డ తియ్యి."

సిగ్నలు వాలలేదు. ఇప్పటిదాకా చెప్పినవన్నీ అతను ఎన్నోసార్లు చెప్పిన కోతలే, అవి అయిపోయాయి. కొత్తది కావాలి, ఎవరూ మధ్యలో అడ్డం రానిది కావాలి.

"తీస్తానక్కా. ఎందుకు తీయలేదో అది కూడా ఇను. గుట్టకు ఆ పక్క గత్తరపల్లె ఉండాది గదా" అన్నాడు.

అయ్యన్న బీడీ పారేశాడు. గత్తరపల్లె అందరికీ తెలుసు. వాళ్ల నాయనల కాలంలో గత్తర తగిలి, వాంతులు బేదులతో ఒక్క వారంలో ఊరంతా పోయింది. మిగిలిన మొండిగోడల దిక్కు గొర్రెలను కూడా తోలరు.

"ఆ పల్లె నడిమధ్య గూడు పెడితిని. ఇదే ఎండ, ఇదే యాళ. గాలి లేదు. కిందికి చూస్తే నా కాళ్లకాడ నీడ లేదప్పా. ఎండకు తాళలేక యాడన్నా కూర్చునిందేమోలే అనుకుంటిని. పిట్ట కూసె. కూస్తానే తలుపులు తీసిన సప్పుడు. ఆ ఇండ్లకు తలుపులు యాడున్నాయి? ఎప్పుడో పీక్కపోయినారు. అయినా కిర్రుమని ఒక ఇల్లు, కిర్రుమని ఇంకో ఇల్లు. గడపల్లో మనుషులు నిలబడిరి. ఆడోళ్ల చంకన బిందెలు. పిలకాయల చేతుల్లో సగం కొరికిన రొట్టెలు. ఎవురూ మాట్లాడలే. మొగాలన్నీ గూడు దిక్కు తిప్పిరి. వాళ్లెవురికీ నీడ లేదు. వాళ్ల మధ్యలో నా నీడ మాత్రం నిలబడుండాది, అది కూడా ఇటే చూస్తాంది."

అంగట్లో టీ మరిగే చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఇక్కడ కూత పడితే బాగుంటుందని ఈరప్ప తువ్వాలు ఎత్తబోయాడు.

కిటీలా, కిటీలా.

తువ్వాలు ఇంకా అతని మోకాలి మీదే ఉంది.

"పిట్ట కూడా సాక్ష్యం చెప్తాంది" అన్నాడు అయ్యన్న, కానీ గొంతు తగ్గించి.

ఈరప్ప మోకాలి మీది తువ్వాలు దిక్కు చూసుకున్నాడు. తాను కూయలేదు. నోరు మూసుకుంటే ఆ నిశ్శబ్దంలో మళ్లీ అది వినాల్సి వస్తుందని భయం వేసింది. అందుకే మాట్లాడాడు. ఏం మాట్లాడుతున్నాడో తెలియకుండానే మాట్లాడాడు.

"ఆ మింద ఏమాయనో తెల్సునా? వాళ్లలోనుంచి ఏసన్న వచ్చె."

వరమ్మ తలెత్తింది.

"ఆ నీలం అంగీనే. వచ్చి గూడు తలుపు తీసి పిట్టను చేతిలోకి తీసుకునె, మెడ నిమిరె. 'బాగా చూసుకుంటివి ఈరప్పా' అనె. మల్ల నా చేతిలోనే పెట్టి పాయె."

ఆ మాట అనగానే అతనికి తన మీద తనకే అసహ్యం పుట్టింది. పులి చేత కన్నీళ్లు పెట్టించడం వేరు, చచ్చిన నేస్తగాడి నోట మెప్పు పలికించుకోవడం వేరు. ఆ అసహ్యంలో ఉండగానే కూత మళ్లీ వినిపించింది. ఈసారి చాలా దగ్గర నుంచి. ఒళ్లో నుంచి.

"నీ చేతిలోనే పెట్టినాడా?" అంది వరమ్మ.

"పెట్టెనక్కా."

"మరి ఇదేంది?"

వరమ్మ బుట్ట మూత తీసింది. లోపల బూడిదరంగు కౌజు, మెడ చాచి అందరినీ చూసింది. కుడికాలికి ఏసన్న తొడిగిన సీసపు కడియం, ఎడమకాలికి ఒక గోరు లేదు.

అయ్యన్న ముందు నోరు తెరిచాడు, తర్వాత నవ్వాడు, తర్వాత బెంచీ మీద నుంచి కిందికి జారిపోయి నవ్వాడు. "ఇరవై కౌజుల్ని పిలిచినోడివి, ఉన్న ఒక్కదాన్ని పోగొట్టుకుంటివి గదప్పా!"

"నెల నాడు సమాధులకాడ గడ్డి పీకనీకి పోతిని" అంది వరమ్మ. "ఆయప్ప సమాధిమింద నిలబడుండాది. రెక్కలు కత్తిరించిన పిట్ట, రెండు కోసులు నడిచే వచ్చింటాది. ఆ పొద్దు నుంచి దానికి కూత లేదు. గింజలు తింటాది, నీళ్లు తాగుతాది, నోరు తెరవదు. రేపు కూటంలో దాని కూత అందరికీ ఇనిపించాలని నాకు ఆశ. నీకు మందేమన్నా తెల్సేమోనని తెస్తి. ఇంతలో నువ్వు పిట్ట నీ ఒళ్లోనే ఉండాదంటివి. సరే, యాడిదాకా పోతావో చూద్దామని కూర్చుంటి."

ఈరప్ప తల ఎత్తలేకపోయాడు. "నీకు మొగం చూపియ్యలేకపోయినా అక్కా."

"పోయిందని చెప్పింటే నేను నిన్ను కొడ్తానా? ఆయప్ప పోయినాక ఈ పిట్ట పేరెత్తేది నువ్వొక్కనివే." వరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "పోనీలే. నీ దొంగగొంతు ఇనే ఇది నోరు తెరిచింది. ఆ పుణ్యం నీదే."

"ఇంగ దొరసాని మొగం చూద్దాం!" అని అయ్యన్న ఈరప్ప ఒళ్లోని గూటి మీద గుడ్డ లాగేశాడు. ఖాళీ గూడు చూసి అంగడంతా మళ్లీ గొల్లుమంది. ఈరప్ప కూడా నవ్వబోయాడు.

గూట్లో చిప్ప ఉంది. పొద్దున పోసిన పిడికెడు కొర్రలు లేవు. ఒలిచి తిన్న పొట్టు ఉంది, అంతే.

గూడు తలుపు చూశాడు. తీగతో బిగించినట్టే ఉంది. పొద్దునుంచి అది అతని ఒళ్లో నుంచి కదలలేదు.

"అక్కా, నీ పిట్ట ఎన్ని మాట్లు కూసింది?"

"ఒక్క మాటే. నా చెయ్యి మూతమిందనే ఉండె, మూత అదిరింది గదా. నువ్వు తలుపుల సంగతి చెప్తాంటివే, అప్పుడు. మల్ల కూసింది నువ్వే గదా?"

సిగ్నలు వాలింది. దూరంగా గుంతకల్లు బండి కూత వేసింది. ఈరప్ప లేవలేదు.

"గూడు తీసుకపో అక్కా. ఏసన్నది."

"ఎందుకప్పా? ఇది గూట్లో ఉండదు, నా ఎనకే తిరుగుతాది. నీ కాడనే ఉండనీలే, ఆయప్ప గుర్తుగా."

వరమ్మ పిట్టను నేల మీద వదిలి, ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని, తిరిగి చూడకుండా నడిచింది. పిట్ట ఒక్క క్షణం ఆగి, ఎండలో ఆమె వెనకాలే టకటకా పరుగెత్తింది. మలుపు దాటేదాకా వరమ్మ వెనక్కి చూడలేదు.

ఆ తర్వాత చాలా కాలం ఈరప్పను ఆ బెంచీ మీద ఆటపట్టించారు. అతనూ తగ్గలేదు, కౌజులను నలభై చేశాడు, పులిని రెండు చేశాడు, గూడ్సు బండిని గుంతకల్లుదాకా వెనక్కి తోలించాడు. గత్తరపల్లె కథ మాత్రం ఎవరు అడిగినా చెప్పలేదు. రోజూ పొద్దునే చిప్పలో పిడికెడు కొర్రలు పోసి, గూటికి గుడ్డ కప్పి, ఇంటి చూరుకు తగిలించి పనికి పోయేవాడు.